అమ్మవారి పేరు పెట్టిన పోతు

ఈ మధ్య గ్రామ సచివాలయాల్లో పశువుల పనికి కొత్తగా చేరిన పిల్లలు కొందరు నన్ను చూడటానికి ఇంటికి వచ్చారు. "మీ సర్వీసులో అన్నీ సరిగ్గా చేసిన కేసు ఒకటి చెప్పండి మేడమ్, నేర్చుకుంటాం" అన్నారు. అలాంటిది ఒకటుంది. చేయవలసినవన్నీ చేశాం అందులో. అదెలా ముగిసిందో చెబితే చేరిన వారానికే ఉద్యోగం మానేస్తారని భయపడి, టీ ఇచ్చి, దూడలకు నట్టల మందు ఎప్పుడు తాగించాలో చెప్పి పంపించేశాను. వాళ్ళు వెళ్ళాక మనసు ఊరుకోలేదు. వాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి గుమ్మంలో నిలబడవలసినవాళ్ళే కదా అని ఇప్పుడు వాళ్ళ కోసమే రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను. పశువుల ఆస్పత్రిలో సహాయకురాలిగా చేరి అలాగే రిటైరయ్యాను. టీకాలు వెయ్యడం, కట్లు కట్టడం, మందులివ్వడం నా పని. ఊళ్ళలో మాత్రం అందరూ "డాట్రమ్మ" అనేవారు. మొదట్లో కాదని సరిదిద్దేదాన్ని, తర్వాత ఓపిక పోయింది. నా ఆఖరి పోస్టింగు రాజాంకి కాస్త లోపలికి ఉన్న చిన్న ఆస్పత్రి. అక్కడి డాక్టరు గారు వయసులో నాకంటే బాగా చిన్న. మంచివాడు, ఎవరి మీదా కోపం తెచ్చుకునేవాడు కాదు. ఇద్దరికీ సరిపడా కోపం నా దగ్గర ఉండేది కాబట్టి ఆస్పత్రి నడిచిపోయేది.

మా పరిధిలో ఉన్న ఒక ఊళ్ళో ఒకావిడ పాల కోసం మేకల్ని పెంచేది. మా వైపు అది వింత. ఇక్కడ మేకంటే మాంసమే. పాలంటే గేదె, కాకపోతే ఆవు. కానీ ఆవిడ మేకపాలు సీసాల్లో పోసి రాజాం తీసుకెళ్ళి, తల్లిపాలు చాలని చంటిబిడ్డలున్న ఇళ్ళకీ, అరుగుదల లేని ముసలివాళ్ళకీ పోసేది. పొద్దున్నే ఆటోలో ఆవిడ ఒళ్ళో పాలసీసాల సంచీ ఉండేది. ఒకసారి పాలు తాగిన ఇంటివాళ్ళు మళ్ళీ వదిలేవాళ్ళు కాదు.

ఆవిడ భర్త హైదరాబాదులో కట్టుబడి పనుల్లో ఉండేవాడు. ఆ ఊళ్ళో సగం మగవాళ్ళు అక్కడే. తట్టలు మోసి, రేకుల గదుల్లో పడుకుని, ఎప్పుడో నాలుగు రోజులు ఇంటికొచ్చి పోతారు. ఆవిడకు ఉన్నది ఒకటే కోరిక. మేకల పాలు ఇద్దరూ బతికేటంత పెరగాలి, ఆయన వచ్చేయాలి. "పాలు ఇంకొంచెం పెరిగినాయంటే మావను రమ్మంతాను డాట్రమ్మా. ఆ రేకుల కొట్లో మనిసి ఎండిపోతన్నాడు" అనేది. నేను వెళ్ళిన ప్రతిసారీ అదే మాట.

పాలు పెరగాలంటే మంచి పోతు, అంటే మగమేక, కావాలి. పాలిచ్చేది ఆడమేకే అయినా, పుట్టబోయే ఆడపిల్లకు పొదుగు వచ్చేది సగం తండ్రి నుంచి. ఈ మాట ఎన్ని ఊళ్ళలో చెప్పానో లెక్కలేదు. అందరూ తల ఊపేవారు. ఆ తల ఊపుతూనే, బలంగా పెరిగిన పోతుపిల్లను ముందుగా బేరగాడికి అమ్మేసేవారు. ఎవరూ కొననిది, కాళ్ళు వంకరది, ఎదగనిది మందలో మిగిలిపోయేది. అదే ఆ ఏటికి పెళ్ళికొడుకు. తరాల తరబడి ఇలా జరిగితే మేకలు పాలేమిస్తాయి, పిల్లలకే చాలవు.

ఆ ఇంట్లో పోతుని ఎంచిన రోజు నాకు బాగా గుర్తుంది. రెండు పోతుపిల్లలున్నాయి. ఒకటి దిట్టంగా, మెడ లావుగా, చూడగానే ముద్దొచ్చేది. రెండోది నల్లది, పొడుగు కాళ్ళతో, కొంచెం బక్కగా ఉండేది. భర్త సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆయనకు లావుదే నచ్చింది. డాక్టరు గారు పిల్లల్ని వదిలేసి వాటి తల్లుల దగ్గరికి వెళ్ళారు. లావుదాని తల్లి ఈనిన కొన్నాళ్ళకే పాలు తగ్గించేసే రకం. నల్లదాని తల్లి చారలమేక, ఆ మందలో అంత కాలం పాలిచ్చేది మరొకటి లేదు. పొదుగు మెత్తగా, రెండు చన్నులూ సమంగా ఉండేవి. "తొడలు చూడకండి, తల్లిని చూడండి" అన్నారు డాక్టరు గారు. తర్వాత నల్లపిల్ల పళ్ళు పైదవడకు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూశారు. కాళ్ళు నిటారుగా ఉన్నాయో లేదో నడిపించి చూశారు. విత్తులు రెండూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో నన్ను పట్టుకుని చూడమన్నారు.

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు మావను ఎంచినప్పుడు మావోలు ఇందులో సగం సూసుంటే నా బతుకు బాగున్ను" అంది.

"నా పల్లు బాగానే ఉన్నాయి గదే!" అన్నాడు భర్త. డాక్టరు గారు కూడా నవ్వారు. ఆ పెరట్లో అందరం కలిసి నవ్వింది అదే చివరిసారి అని అప్పుడెవరికి తెలుసు?

నల్లదాన్ని ఉంచారు. పోతుని ఎంచడం ఒక ఎత్తు, ఉంచుకోవడం ఒక ఎత్తు. పోతుకు ఎదకాలం వస్తే అది తన గడ్డం మీదా ముఖం మీదా తానే ఉచ్చ పోసుకుంటుంది. ఆ కంపు పాలకు పట్టేస్తుంది. కంపు పట్టిన పాలు చంటిబిడ్డ నోట్లో పెట్టుకోదు. అందుకని దాన్ని ఆడమేకలను కట్టే సాలకు దూరంగా, పెరటి చివర జీడిమామిడి చెట్టు కింద కట్టించాం. ఆవిడ రోజూ పొద్దున్నే ఇత్తడి చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి దాని కొమ్ముల మధ్య పోసి, కొబ్బరి పీచుతో గడ్డం రుద్ది కడిగేది. ఆ తర్వాత తను స్నానం చేసి, చీర మార్చుకుని, పాలకు కూర్చునేది. నీళ్ళు పడగానే ఆ పోతు తల నుంచి తోక దాకా ఒళ్ళు దులిపేది, ఆవిడ నిలువునా తడిసిపోయేది. "థూ ఎదవా!" అని తిట్టేది. కొన్నాళ్ళకు చెంబు కనిపిస్తే చాలు, అదే వచ్చి తల వంచుకుని చెంబు కింద నిలబడేది. కొడుకులా అలవాటైపోయింది ఆవిడకి.

అది ఎదిగాక ఆ బక్కతనం ఎటు పోయిందో తెలియదు. నల్లగా నిగనిగలాడుతూ, పొడుగ్గా, చూసినవాడు ఆగి చూసేటట్టు తయారైంది. దాంతో బేరగాళ్ళు గుమ్మం వదల్లేదు. ఆవిడ కాదంటే హైదరాబాదులో ఉన్న భర్తకు ఫోన్ చేసేవారు. ఆయన మెత్తటివాడు, ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకు సరేననేవాడు. "అమ్మీసి ఇంకోటి పెంచుకుందాంలే" అని ఆవిడకు ఫోన్‌లో చెప్పేవాడు. రోజూ ఇదే గొడవ.

ఒక రోజు నేను వెళ్ళేసరికి పోతు చెవి అంచున గాటు, మెడలో పసుపుతాడు ఉన్నాయి. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఏటి డాట్రమ్మా అలా సూత్తావు? అమ్మవోరికి మొక్కీసినాను. పూజారిని పిలిసి, పదిమందిలో సెప్పీసినాను. ఇంక ఎవుడొచ్చి బేరమాడతాడో ఆడమను!"

మా వైపు అమ్మవారికి మొక్కిన పోతుని అమ్మరు, కొనరు, కొట్టరు. ఎవరి చేలో పడి మేసినా అదిలించరు. బేరగాడు దాని వంక చూడటానికే జడుస్తాడు. ఆ ఊరి అమ్మవారి పండుగ ఏటా చెయ్యరు, కొన్నేళ్ళకోసారి చేస్తారు. మొక్కిన పోతుని బలిచ్చేది ఆ పండుగలోనే. అది కిందటేడే అయింది. అంటే మళ్ళీ పండుగ వచ్చేనాటికి ఈ పోతు ముసలిదై, దాని కూతుళ్ళు, మనవరాళ్ళు సాల నిండా ఉంటారు. ఆవిడ ఇదంతా ఆలోచించే చేసింది. డాక్టరు గారికి చెబితే, "మన శాఖలో ఇంత గట్టి రక్షణ పథకం లేదు" అని మెచ్చుకున్నారు. నాకూ భలే ఉపాయం అనిపించింది. అమ్మవారి దగ్గర అరువు తీసుకున్నట్టుగా ఉంది ఆ పని.

దాని తొలి కూతుళ్ళు ఈనాయి. ఈనిన మొదటి విడతలోనే తల్లులను మించి పాలిచ్చాయి. ఆవిడ సీసాలు చాలక కొత్తవి కొంది. నేను వెళితే నన్ను కూర్చోబెట్టి, భర్తకు వీడియో కాల్ చేసి, పొదుగులు చూపించింది. "మావా, సూడు, ఇది దాని కూతురు!" ఆయన అక్కడ ఇనుప చువ్వల మధ్య నిలబడి నవ్వుతున్నాడు. ఒప్పుకున్న పని అయిపోగానే వచ్చేస్తానన్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను.

అప్పుడే పక్క ఊళ్ళలో మేకలకు పారుడు రోగం మొదలైందని తెలిసింది. జ్వరం, ముక్కులు కారడం, విరేచనాలు, ఆ తర్వాత చావు. నేను టీకా పెట్టె పట్టుకుని ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాను. "సూదేస్తే సూలు మేకలు ఈసుకుపోతాయి" అని, అంటే చూలు పోతుందని, ఎవరో పుకారు పుట్టించారు. తిట్టాను, బతిమాలాను, రచ్చబండ దగ్గర కూర్చుని అరిచాను. ఒక్క ఆ ఇంట్లో తప్ప ఎవరూ మేకను పట్టుకోనివ్వలేదు. ఆవిడ మాత్రం పోతుతో సహా అన్నిటికీ వేయించింది.

రోగం ఆ ఊరికి వచ్చింది. సాలలకు సాలలు ఖాళీ అయ్యాయి. ఊరి వెనక గుంతలు తీసి పాతిపెట్టారు. ఈ ఒక్క ఇంట్లో ఒక్క మేకకైనా ముక్కు చెమ్మగిల్లలేదు. నిజం చెప్పొద్దూ, ఆ దుఃఖంలోనూ నాకు కొంచెం గర్వం కలిగింది. ఇక మీదట నా మాట నమ్ముతారనుకున్నాను.

నమ్మారు, కానీ వేరే మాటని. ఊరి పెద్ద రామమందిరం అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "ఊరంతా పోయినా ఆ ఇంట్లో ఒక్కటి పోనేదు. ఎందుకు? అమ్మవోరి పోతు ఆ ఇంట్లో ఉన్నాది. తల్లి తన సొమ్ము తాను కాసుకున్నాది. తన సొమ్ము తనకి ఇయ్యకుండా మనం అట్టిపెట్టుకున్నామనీసి కోపం. పండగ ముందుకు తెచ్చీడమే."

కబురు తెలిసి నేను పరుగెత్తుకుని వెళ్ళాను. టీకా సంగతంతా ఆయనకు విడమరిచి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. శ్రద్ధగా విన్నాడు. "డాట్రమ్మా, నీ సూది మంచిదే. నానెప్పుడు కాదన్నాను? ఆ సూది ఆ ఇంటికే ఎయ్యాలనీసి ఎవులకి తోచింది? తల్లే తోపించింది" అన్నాడు. నేను అరిచాను. ఆయన నాకు టీ తెప్పించాడు. దానికి బదులు మరో పోతుని కొని ఇప్పిస్తానని డాక్టరు గారు ఫోన్‌లో అడిగారు. "మొక్కిన దాన్ని మారిస్తే ఊరికి కీడు బాబూ" అన్నాడు. టీ తాగకుండా లేచి వచ్చేశాను. నా కోపం అంతకంటే ఎందుకూ పనికిరాలేదు.

ఆవిడ దగ్గరికి వెళ్ళాను. కాదని చెప్పమన్నాను.

"ఎలాగ కాదంతాను డాట్రమ్మా? నా నోటితోనే అన్నాను. ఉత్తుత్తికే అన్నా, అన్నాను గదా. రేపు ఎవులింట్లో పసిగుంటకి జరమొచ్చినా నా వల్లే అంతారు. మేకలు పోయినోలందరూ నా సాల కేసి సూత్తన్నారు. నానీ ఊల్లో బతకొద్దా?"

 

పండుగ రోజున డాక్టరు గారు రానన్నారు. నేను వెళ్ళాను, ఆవిడ పక్కన ఒకరైనా ఉండాలని. ఊరి పెద్దలు ఫోన్ చేస్తే భర్త హైదరాబాదు నుంచి వచ్చాడు. తలొంచుకుని ఒక మూల నిలబడ్డాడు. పసుపు రాసి, మెడలో వేపమండలు కట్టి పోతుని గుడి ముందుకు తీసుకొచ్చారు. మా వైపు పోతుని తెచ్చీ తేగానే బలి ఇవ్వరు. ముందు దాని మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు దులుపుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులుపుకోకపోతే ఆగాలి.

పూజారి నీళ్ళు పోశాడు. పోతు కదల్లేదు. డప్పులు గట్టిగా వాయించారు. మళ్ళీ పోశాడు. రాయిలా నిలబడింది. బెదిరిన జంతువు అలాగే బిగుసుకుపోతుందని నాకు తెలుసు. ఇంకా వాయించండిరా, ఇంకా బెదరనివ్వండిరా అని మనసులో మొక్కుకున్నాను. ఎండ ఎక్కింది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. "తల్లి ఒప్పుకోనేదేటి?" అన్నారెవరో. "ఒప్పుకోలేదు, ఇంటికి తోలెయ్యండి" అని నేను గట్టిగానే అన్నాను. ఊరి పెద్ద కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆయనకీ జంకు పుట్టింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో ఆశ ఉంది, నాకు తెలిసింది.

అప్పుడు పెద్దాయన అన్నాడు. "ఇంకొక్కసారి సూద్దాం. మొక్కినోలే పొయ్యాల. ఒసే కోడలా, ఇలా రా."

ఆవిడ చేతికి చెంబు ఇచ్చారు. ఏం జరుగుతుందో నాకెంత తెలుసో ఆవిడకూ అంత తెలుసు. ఆవిడ పోతు తల వైపు వెళ్ళలేదు. వెనక్కి వెళ్ళి, తోక దగ్గర, చప్పుడు కాకుండా కొంచెం కొంచెంగా నీళ్ళు జార్చింది. పోతు కదల్లేదు. నేను ఊపిరి తీసుకున్నాను.

అంతలో అది మెడ తిప్పి చూసింది. ఆవిడని చూసింది, చేతిలో చెంబు చూసింది. తాడు పట్టుకున్నవాణ్ణి ఈడ్చుకుంటూ గిర్రున తిరిగి వచ్చి, రోజూ పెరట్లో నిలబడినట్టే చెంబు కింద తల వంచుకుని నిలబడింది. దాని కొమ్ము తగిలి చెంబు ఒరిగి, మిగిలిన నీళ్ళు కొమ్ముల మధ్య ఒలికిపోయాయి. పోతు తల నుంచి తోక దాకా ఒళ్ళు దులిపింది. ఆ తుంపర నా మీద కూడా పడింది. జనం ఒక్కసారిగా కేక పెట్టారు, డప్పులు మోగాయి. ఆ గోలలో పక్కనే ఉన్న నాకొక్కదానికే వినిపించింది. "థూ ఎదవా" అంది ఆవిడ, చాలా మెల్లగా.

ఆ తర్వాతిది నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పను.

అక్కడితో అయిపోలేదు. ఆ పోతు వల్ల చూలు కట్టిన మేకలు సాలలో ఉన్నాయి కదా అని నేనూ డాక్టరు గారూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నాం. భర్త కూడా తిరిగి పోకుండా ఉండిపోయాడు. కొన్ని నెలలకు వాటిలో ఒకటి నల్లటి పోతుపిల్లను ఈనింది. అచ్చం తండ్రే. కాళ్ళు, దవడ, అన్నీ చూశాను, వంక పెట్టడానికి లేదు. అదే రోజు ఊరి పెద్ద కూడా చూసిపోదామని వచ్చాడు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని ముద్దు చేశాడు. "తల్లి తన పోతుని మల్లా పంపింది. వచ్చే పండక్కి ఎతుక్కోనక్కర్నేదు" అన్నాడు, ఎంతో ప్రేమగా.

 ఆ వారంలోనే ఆవిడ బేరగాణ్ణి పిలిచి, చారలమేకతో సహా మొత్తం మంద తోలించేసింది. ఇంటికి తాళం పెట్టి మొగుడూ పెళ్ళాం కలిసి హైదరాబాదు వెళ్ళిపోయారు. మావ ఇంటికి రావాలని అన్నేళ్ళు పాటుపడిన మనిషి, మావతో పాటు తనే ఆ రేకుల గదికి వెళ్ళి చేరింది.

పిల్లలూ, తప్పెవరిదో దొరికితే నాకు తేలికగా ఉండేది. నాదైనా సరే, బాధపడి ఊరుకునేదాన్ని. ఎంచడం సరిగ్గా ఎంచాం. పెంచడం ఆవిడలా పెంచినవాళ్ళు లేరు. టీకా వేళకు వేశాం. ఊరి పెద్ద కూడా ఊరి మేలే కోరాడు. ఇందులో మీరు నేర్చుకోవలసింది ఏముందో నాకు తెలియదు, అందుకే ఆ రోజు చెప్పలేదు.

కిందటి నెల ఆవిడ ఫోన్ చేసింది. నా మోకాళ్ళ నొప్పులు అడిగింది. ఏం పని చేస్తున్నావని నేనడిగాను.

"గోడలకి నీల్లు పోత్తన్నానమ్మా. కొత్త సిమెంటు గదా, పొద్దుటా సాయంత్రం తడపాల" అంది.  వెనక ఏదో మిషను చప్పుడు వినిపిస్తోంది.

"గోడలు మంచివి డాట్రమ్మా" అంది. "ఎన్ని నీల్లు పోసినా ఒల్లు దులుపుకోవు."